నలిగిన వెన్నుపూస: నవీన చికిత్స

(మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



సాధారణముగా నేను మీ యెదుట నిలిచి త్రాగునీటిని గూర్చియో, రోడ్లను గూర్చియో, ప్రభుత్వ పథకములను గూర్చియో మాటలాడుచుందును. నేడు మనుష్యుని వెన్నెముకను గూర్చి మాటలాడుటకు వచ్చితిని. ఇది వైద్యుల పని గదా, పంచాయతీకి ఇందులో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. నా మాటలు ముగియునప్పటికి ఆ పని యేమో మీకే తెలియగలదని నమ్ముచున్నాను.

మీ గ్రామములో ఏ వీథిలోనైనను ఈ చివరినుండి ఆ చివరివరకు ఒకసారి నడచి చూడుడు. నడుము వంగి, కఱ్ఱ యూతగా, నేలను చూచుచు నడచు వృద్ధురాలు ఒకతె యైనను కనబడును. ఏమమ్మా యని పలుకరించిన, "వయసు మీరింది నాయనా, నడుము వంగింది" అని చెప్పును. కాని వయస్సు మీరిన వారందరికిని నడుము వంగుట లేదు. వంగిన నడుములలో పెక్కింటికి కారణము వెన్నుపూసలు నలిగిపోవుటయే. ఆమె ఎన్నడో ఒకనాడు నీళ్ళబిందె ఎత్తబోయి యుండును. వీపులో కలుక్కుమని యుండును. ఇంటివారు నూనె రాచి, కాపడము పెట్టి, పది దినములు పరుండబెట్టి యుందురు. కొన్ని వారములకు నొప్పి తగ్గినది గాని, నలిగిన పూస నలిగినట్లే నిలిచినది. పిమ్మట దాని మీది పూసయో, క్రింది పూసయో నలిగినది. ఈ విధముగా నలుగు పూసలలో సుమారు మూడింట రెండు వంతులు వైద్యుని దృష్టికే రావని నిపుణులు చెప్పుచున్నారు.

పూస యెందుకు నలుగును?

వెన్నెముక యొకే ఎముక కాదు. అందులో కదలెడి పూసలు 24 గలవు. మెడలో 7, వీపులో 12, నడుములో 5. ఒక్కొక్క పూసకు ముందువైపున గుండ్రని దిమ్మె వంటి భాగముండును. శరీరపు బరువును మోయునది ఆ దిమ్మెయే. దాని వెనుకనున్న రంధ్రములన్నియు వరుసగా చేరి ఒక సొరంగమువలె ఏర్పడును. ఆ సొరంగములో వెన్నుపాము, నరములు ప్రయాణించును. మన కాళ్ళు కదలుటకును, మలమూత్రములు మన అదుపులో నుండుటకును అవియే ఆధారము.

దిమ్మె ముందుభాగము అణగిపోయినచో పూస, బండిచక్రము క్రింద పెట్టు ఆపుచెక్కవలె, ముందు సన్నముగను వెనుక మందముగను మారును. దానిపై నిలిచిన శరీరము ముందునకు వంగును. వీపును నడుమును కలియు చోటనున్న పూసలు ఈ విధముగా నలుగుట ఎక్కువ.

దీనికి ముఖ్యమైన కారణములు మూడు. మొదటిది ఎముక గుల్లబారుట. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత ఎముకలోని సారము త్వరగా తగ్గును. పురుషులకును వృద్ధాప్యములో తగ్గును. కీళ్ళనొప్పులకనియు, ఉబ్బసమనియు వైద్యుని చీటీ లేకుండ కొని సంవత్సరముల తరబడి మ్రింగు బిళ్ళలలో స్టెరాయిడు మందు ఉన్నచో ఎముక మరింత బలహీనమగును. అట్టి ఎముక దగ్గుకు, తుమ్ముకు సైతము నలుగవచ్చును. రెండవది ప్రమాదము. చింతచెట్టు మీదినుండియు, మామిడిచెట్టు మీదినుండియు, మిద్దె మీదినుండియు పడుట, బావిలో పడుట, మోటారు సైకిలు ప్రమాదము మొదలైనవి. మూడవది వ్యాధి. క్షయ, క్యాన్సరు వంటివి పూసను లోపలినుండి తినివేయును. ఈ మూడు కారణములకు చికిత్స యొకటి కాదు. నేటి ప్రసంగములో మీరు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఇదియే.

సూదితో చేయు చికిత్స

పూర్వము వెన్నెముకకు శస్త్రచికిత్స యనగా వీపును జేనెడు పొడవున కోయుట, నెలల తరబడి మంచముపై నుండుట యని అర్థము. నేడు కొన్ని సందర్భములలో సూది దూరునంత రంధ్రముతోనే పని జరుగుచున్నది.

ఈ పద్ధతి 1984లో ఫ్రాన్సు దేశమున ఆమియే నగరములో ఆరంభమైనది. గలిబేర్, దెరామో అను వైద్యులు, మెడపూసలో రక్తనాళముల గడ్డతో బాధపడుచున్న ఒక స్త్రీకి, ఆ పూసలోనికి సూదిద్వారా ఎముక సిమెంటును ఎక్కించిరి. ఆమె నొప్పి శమించినది. ఈ సిమెంటు మన ఇండ్లు కట్టు సిమెంటు కాదు. ఇది ఆక్రిలిక్ జాతి పదార్థము. కట్టుడు పండ్ల చిగుళ్ళు చేయునది ఈ జాతి పదార్థముతోనే. తుంటికీలు మార్పిడిలో 1950 దశకము చివరనుండియు దీనిని వాడుచున్నారు.

చికిత్స జరుగు విధమిది. రోగిని బోర్ల పరుండబెట్టి, ఆ చోటికి మాత్రమే మొద్దుబారు మందు నిత్తురు. కొందరికి పూర్తి మత్తు ఇచ్చుటయు కలదు. ఎక్సురే యంత్రపు తెరపై చూచుచు, పూస వెనుకనున్న సన్నని ఎముక దారిగుండ సూదిని దిమ్మెలోనికి పంపుదురు. కలిపిన సిమెంటు చిక్కని పేస్టువలె నున్నపుడు కొద్దికొద్దిగా ఎక్కింతురు. అంతయు కలిపి చిన్న చెంచాడు ప్రమాణము. కొన్ని నిముషములలో అది గట్టిపడును. పెక్కుమంది ఆ దినముననో, మరునాడో లేచి నడుతురు. 1998 నుండి ఇందులోనే మరియొక విధానము వాడుకలోనికి వచ్చినది. ముందుగా చిన్న బెలూనును పూసలోనికి పంపి, దానిని ఉబ్బించి, అణగిన ఎముకను కొంత పైకెత్తి, ఏర్పడిన ఖాళీలో సిమెంటు నింపుదురు.

ప్రమాదమున పూస ముక్కలై, నిలుకడ తప్పినపుడు సిమెంటు మాత్రమే చాలదు. అట్టివారికి చిన్న చిన్న గంట్లగుండ మరలను, కడ్డీలను అమర్చి పూసలను నిలబెట్టు పద్ధతి గలదు. వెన్నుపాము నొక్కుకొని యున్నచో పెద్ద శస్త్రచికిత్స నేటికిని అవసరము కావచ్చును.

అందరికిని అవసరమా?

ఇంతవరకు విన్నవారికి, నడుమునొప్పి గల ప్రతి ముసలివానిని వెంటనే ఈ సూదికి పంపవలెనని తోచును. ఇక్కడనే మనము నిదానింపవలెను.

2009లో అమెరికా ఖండపు వైద్య పత్రిక యొకదానిలో రెండు పరిశోధనలు ఒకేసారి వెలువడినవి. ఒకటి ఆస్ట్రేలియాలో 78 మందిపై జరిగినది. రెండవది 131 మందిపై జరిగినది. రోగులను రెండు వర్గములుగా చేసిరి. ఒక వర్గమునకు నిజముగా సిమెంటు ఎక్కించిరి. రెండవ వర్గమునకు మొద్దుబారు మందు మాత్రమిచ్చి, సిమెంటు వాసన గదిలో వ్యాపించునట్లు చేసి, చికిత్స జరిగినట్లే నటించిరి. ఎవరికేది జరిగినదో రోగికి తెలియదు. కొంతకాలమునకు విచారింపగా రెండు వర్గముల వారికిని నొప్పి ఇంచుమించు సమానముగనే తగ్గినది. నలిగిన పూస నొప్పి చాలమందికి కాలక్రమమున తనంతట తానే తగ్గుననియు, చికిత్స జరిగినదను నమ్మకము సైతము కొంత ఉపశమనము నిచ్చుననియు దీనివలన తేలినది.

తరువాత ఐరోపాలో 202 మందిపై జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో సిమెంటు వర్గమునకు మేలు కనబడినది. అయితే అందులో నటన చికిత్స లేదు. 2016లో ఆస్ట్రేలియానుండి వెలువడిన మరియొక పరిశోధన, నలిగి ఆరు వారములు దాటనివారికి, నొప్పి మిక్కిలి తీవ్రముగ నున్నవారికి మేలు కలిగినదని చూపినది. 2018లో కాక్రేన్ సంస్థవారు ఈ పరిశోధనల నన్నిటిని ఒకచోట చేర్చి తూచి, ఎముక గుల్లబారి పూస నలిగిన వారందరికిని ఈ చికిత్సను వాడుకగా చేయుటకు తగిన ఆధారము లేదని తేల్చిరి.

కావున మనము గ్రహింపవలసిన దేమి? మొదట సామాన్య చికిత్స. నొప్పి తగ్గు మందు, కొద్ది దినముల విశ్రాంతి, నడుముపట్టీ, పిమ్మట మెల్లగా నడక. ఆరు మొదలు పండ్రెండు వారములలో పెక్కుమందికి నొప్పి తగ్గును. నెలల తరబడి మంచముపై నుంచుట మేలు కాదు, కీడు. అంతియే గాక, ఒక పూస నలిగినదన్న మరియొకటి నలుగకుండ ఎముకకు బలమిచ్చు మందును వైద్యుడు వ్రాయవలెను. సిమెంటు పూసకు యూత నిచ్చును గాని ఎముకల గుల్లతనమును మాన్పదు. మందులతో తగ్గని తీవ్రమైన నొప్పి, లేచి కూర్చుండలేని స్థితి, నలుగుడు క్రొత్తదని ఎం.ఆర్.ఐ. పరీక్షలో స్పష్టపడుట, ఇవి కలిసినపుడు నిపుణుడు సూది చికిత్సను యోచించును. ఎన్నో యేండ్ల క్రిందట నలిగి మానిపోయిన పూసకు నేడు సిమెంటు పోయించుటవలన లాభము లేదు. అరుదుగ సిమెంటు బయటికి కారి నరములను నొక్కుటయు, రక్తనాళములద్వారా ఊపిరితిత్తులకు చేరుటయు కలదు.

మీ గ్రామస్థుడెవడైన పొలము కుదువబెట్టి ఈ చికిత్సకు బయలుదేరినచో, వైద్యుని నాలుగు ప్రశ్న లడుగుమని చెప్పుడు. పూస నలుగుటకు కారణమేమి? నలుగుడు క్రొత్తదా, పాతదా? క్షయ లేదని తేలినదా? కొన్ని వారములు మందులతో వేచి చూచిన నష్టమున్నదా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపింపడు. ఖర్చు విషయమున, ప్రభుత్వ వైద్యసేవ పథకములో ఏ చికిత్స చేరునో ఆస్పత్రిలోని వైద్యమిత్రను ముందుగనే విచారించుకొనవలెను.

క్షయను మరువరాదు

మూడవ ప్రశ్న మన ప్రాంతమునకు మరింత ముఖ్యము. మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరము మీకందరకు తెలిసినదే. ఇరువదవ శతాబ్దపు రెండవ దశకములో అచ్చట యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమట్ మోలర్ దానికి అధిపతియై చిరకాలము సేవచేసెను. ఆనాడు క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతి, ఇవియే చికిత్స. వాటికొరకు దక్షిణదేశము నలుమూలలనుండి రోగులు మన కొండగాలిని వెదకుకొని వచ్చెడివారు.

క్షయ ఊపిరితిత్తులకే పరిమితము కాదు. ఎముకలకు సోకు క్షయలో దాదాపు సగము వెన్నెముకకే సోకును. దగ్గు ఉండకపోవచ్చును. మెల్లమెల్లగా పెరుగు వీపునొప్పి, రాత్రివేళ బాధ, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, వీపుపై గూనువంటి ఉబ్బు, ఇవి దాని చిహ్నములు. పడుచువారికిని, పిల్లలకును రావచ్చును. క్షయ సోకిన పూసలో సిమెంటు నింపరాదు. నింపినచో వ్యాధి లోపలనే యుండి ముదురును. అనుమానమున్నపుడు ఆ పూసనుండి సూదితోనే చిన్న తునుక తీసి పరీక్షింతురు.

క్షయకు మందు గలదు. ప్రభుత్వము ఉచితముగ నిచ్చుచున్నది. వెన్నెముక క్షయకు సాధారణముగా 12 నెలలు, కొందరికి 18 నెలలవరకు వాడవలసి యుండును. పూర్వము రోగులను పట్టీలలో బిగించి నెలల కొలది పరుండబెట్టెడివారు. తరువాతి కాలమున కొరియాలోను, హాంగ్‌కాంగులోను, మన మద్రాసులోను జరిగిన పరిశీలనలు, మందు సక్రమముగ వాడినచో పెక్కుమంది అట్టి నిర్బంధము లేకయే కోలుకొందురని చూపినవి. చికిత్సలో నున్న క్షయరోగికి పోషకాహారము నిమిత్తము 2018 నుండి నెలకు 500 రూపాయలిచ్చు పథకము గలదు. 2024 నవంబరునుండి ఆ మొత్తము 1,000 రూపాయలైనది. వెన్నెముక క్షయ గల వారికిని ఇది వర్తించును. మీ గ్రామములో ఎవరైన నిది యెరుగక యున్నచో తెలియజేయుడు.

పడినవానిని ఎత్తు విధము

నా చిన్ననాట మా గ్రామములో జరిగిన యొక సంగతి చెప్పెదను. చింతకాయలు రాల్చుచు ఒక మనిషి కొమ్మమీదినుండి పడెను. పడినపుడు అతడు మాటలాడుచుండెను. కాళ్ళు కొంచెము కదలించుచుండెను. మేమందరము దయతోనే పరుగెత్తితిమి. ఇద్దరు చంకలలో చేతులు వేసిరి, ఇద్దరు కాళ్ళు పట్టిరి. నడుము మధ్యకు వ్రేలాడుచుండగా ఎత్తి, కూర్చుండబెట్టి నీళ్ళు త్రాపి, ఎడ్లబండిలో మోకాళ్ళు మడిచి పడవేసి తీసికొనిపోయితిమి. పట్నము చేరునప్పటికి అతని కాళ్ళు కదలుట మానినవి. మరల నతడు నడువలేదు. పడుటవలననే అట్లయినదో, మేమెత్తిన విధమువలన నైనదో ఎవరును తేల్చి చెప్పలేకపోయిరి. ఆ ప్రశ్న నేటికిని నన్ను విడువలేదు.

విరిగిన పూస చుట్టును నరములున్నవి. దానిని వంచిన, మెలి త్రిప్పిన ఆ నరములు తెగవచ్చును. కావున పడినవానిని లేపి కూర్చుండబెట్టరాదు. నిలువబెట్టి నడిపింపరాదు. మంటయో, నీరో, వాహనములో ముంచుకొని వచ్చిననే తప్ప అక్కడనుండి కదలింపరాదు. తలను, మెడను కదలకుండ ఒకరు పట్టుకొనవలెను. 108 కు ఫోను చేయవలెను. తప్పనిసరిగ కదలింపవలసి వచ్చినపుడు, నలుగురైదుగురు చేరి తల, వీపు, నడుము, కాళ్ళు ఒకే దుంగవలె ఒకేసారి ప్రక్కకు ఒరిగించి, క్రింద బల్లను జొనిపి, దానిపై పరుండబెట్టవలెను. సాగిన నులకమంచము పనికిరాదు. తలుపురెక్క పనికివచ్చును.

చేయి విరిగిన, కాలు విరిగిన పుత్తూరు కట్టునకు పోవుట మన ప్రాంతపు వాడుక. ఆ వాడుకను గూర్చి నేనిచట తర్కింపను. వెన్నుపూస సంగతి మాత్రము వేరు. చేతి ఎముకకువలె దానికి బయట బద్దలు కట్టి సరిచేయుట సాధ్యము కాదు. దానిని త్రొక్కించుట, విరిపించుట, బలముగ మర్దన చేయించుట ప్రమాదకరము. కాళ్ళు తిమ్మిరెక్కుట, బలము తగ్గుట, మూత్రము బిగియుట, తెలియకుండ పోవుట, ఇవి కనబడినచో రేపటివరకు వేచియుండరాదు. ఆ గంటలోనే పెద్ద ఆస్పత్రికి బయలుదేరవలెను.

ఇంత జాగ్రత్త పడినను కొందరికి కాళ్ళు చచ్చుబడవచ్చును. అట్టివారి బ్రతుకు అంతటితో ముగిసినదని తలంపరాదు. మనకు సమీపమున నున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టరు మేరీ వర్గీసు 1954లో మోటారు ప్రమాదమున వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింది బలమును కోల్పోయెను. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. అట్టి దుస్థితిలో నున్నవారిని మరల బ్రతుకుదారిన పెట్టుటకు 1966లో అచ్చట వెలసిన పునరావాస సంస్థకు ఆమె కృషియే మూలము.

పంచాయతీ చేయదగిన పనులు

ఇక మన పనికి వత్తము. మొదటిది, ఆరడుగుల దృఢమైన బల్ల యొకటి, కట్టుటకు నాలుగు వెడల్పాటి గుడ్డపట్టీలు పంచాయతీ కార్యాలయములో నుంచవలెను. దీనికయ్యెడి ఖర్చు అల్పము. గ్రామములోని పదిమంది యువకులకు ఎత్తు విధమును ఆరోగ్య సిబ్బందిచేత నేర్పింపవలెను.

రెండవది, చింతకాయలు, మామిడికాయలు దింపు కాలమునకు ముందు, చెట్లు గుత్తకిచ్చువారును పుచ్చుకొనువారును, ఎక్కువానికి నడుముత్రాడు ఇచ్చునట్లు మాట తీసికొనవలెను. పంచాయతీ చెట్లను వేలము వేయునపుడు ఆ షరతును మీరే వ్రాయింపవచ్చును. పాడుబావుల చుట్టును గోడ యుండవలెను.

మూడవది, హఠాత్తుగ నడుమునొప్పి వచ్చిన వృద్ధులను, ఎత్తు తగ్గి నడుము వంగుచున్నవారిని, ఆశా కార్యకర్త సహాయముతో గుర్తించి ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అవసరమైన వారు అచ్చటినుండి మదనపల్లె, పుంగనూరు ప్రభుత్వ ఆస్పత్రులకో, కుప్పములోని పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆస్పత్రికో, తిరుపతికో వెళ్ళవచ్చును. సూది చికిత్స చేయు నిపుణులు ఎచ్చట నున్నారో ముందుగ కనుగొని పంపినచో రోగికి వ్యర్థ ప్రయాణము తప్పును.

నాలుగవది, క్షయ. 2023 మార్చి 24న కేంద్ర ప్రభుత్వము క్షయరహిత పంచాయతీల కార్యక్రమమును ప్రారంభించినది. మీ పంచాయతీ ఆ గుర్తింపును కోరునపుడు దగ్గువారిని మాత్రమే గాక, మానని వీపునొప్పి, జ్వరము గలవారిని సైతము పరీక్షకు పంపుడు.

అయిదవది, ఆహారము. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు గలదు. పాలిషు పట్టిన బియ్యములో అది పది మిల్లీగ్రాముల ప్రాంతము మాత్రమే. మన పెద్దల సంగటిముద్ద పేదతనపు తిండి కాదు, ఎముకకు పెట్టుబడి. పుంగనూరు పొట్టి ఆవును చూచుటకు దూరదేశములవారు వచ్చుచున్నారు. ఆ పుంగనూరు పల్లెలలోనే పాలన్నియు కేంద్రమునకు పోసి, ఇంటి ముసలమ్మకు మజ్జిగచుక్క యైన మిగల్చని ఇండ్లున్నవి. కొంచెము మిగిల్చుడు. వృద్ధులను కొంతసేపు ఎండలో కూర్చుండనిండు, నడువనిండు. టమోటా పెట్టెలెత్తు వారికి, నడుము వంచి గాక మోకాళ్ళు వంచి, బరువును ఒడికి చేర్చి ఎత్తుమని నేర్పుడు.

సోదరులారా, వెన్నెముక గల మనిషి యని మన పెద్దలు ధైర్యశాలిని మెచ్చుకొందురు. ఆ మాట కేవలము పొగడ్త కాదు. పొలమునకు పోవుట, బిందె ఎత్తుట, మనుమని చంకనెత్తుకొనుట, అన్నియు ఆ 24 పూసల మీదనే నిలిచియున్నవి. శాస్త్రజ్ఞులు సూదిమొనతో పూసను నిలబెట్టు విద్యను సాధించిరి. ఆ విద్య ఎవరికి కావలెనో, ఎవరికి అక్కరలేదో తెలిసికొనుట వివేకము. అసలు పూస నలుగకుండ చూచుకొనుట అంతకన్న మించిన వివేకము. ఈ రెంటిలోను పంచాయతీకి పాలున్నది.

వచ్చు సమావేశములో మీరు తీర్మానింపవలసిన పనులు పెక్కు ఉండవచ్చును. వాటిలో ఆ ఆరడుగుల బల్లను మొదట వ్రాసికొనుడు.